టైటిల్స్‌లో పేరు లేని మనిషి కోసం
దర్శకురాలు, హాస్యనటి షెరిల్ డున్యే సినీ ప్రయాణం

(1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి)

స్వర్ణోత్సవ సంచికలో ఒక చరిత్ర వ్యాసం కూడా ఉండాలని సంపాదకవర్గ మిత్రులు కోరారు. మన ఊరి చరిత్ర, మన బడి చరిత్ర రాయగల పెద్దలు సంఘంలో చాలామంది ఉన్నారు. వాటి జోలికి నేను వెళ్లను. నేను నీటి సరఫరా ఇంజనీరుని. భూమిలో ఏ గొట్టం ఎటు పోతోందో, కాగితం మీద ఉన్నది నేలలో ఉందో లేదో వెతకడం నా పని. అందుకేనేమో, వెతుకులాటే కథగా ఉన్న సినిమాలంటే నాకు ఇష్టం. అలాంటి సినిమా తీసిన ఒకావిడ చరిత్ర ఇది.

ఆమె పేరు షెరిల్ డున్యే. నల్లజాతి అమెరికన్. స్త్రీని ప్రేమించే స్త్రీనని మొదటి నుంచీ బాహాటంగా చెప్పుకున్న దర్శకురాలు. తన సినిమాల్లో తానే నటించి, తన మీద తానే జోకులు వేసుకుని నవ్వించే నటి. క్వీర్ సినిమా అని ఇవాళ అమెరికా కాలేజీల్లో పాఠంగా చెబుతున్నదానిలో ఆమెది ఒక ముఖ్యమైన అధ్యాయం.

ఇంత దూరపు మనిషి గురించి బడి సంచికలో ఎందుకని అడగవచ్చు. ఆమెకు పేరు తెచ్చిన సినిమా అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. రికార్డుల్లో పేరు లేని మనిషికి చరిత్ర ఎలా రాయాలి? యాభై ఏళ్ల చరిత్ర రాసుకుంటున్న మనకు ఆ ప్రశ్నతో పని ఉంది.

బడి స్నేహంతో మొదలు

డున్యే 1966లో పశ్చిమ ఆఫ్రికా దేశమైన లైబీరియా రాజధాని మన్రోవియాలో పుట్టారు. పెరిగింది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో. అక్కడి టెంపుల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ, పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని రట్గర్స్‌లో కళల్లో పీజీ చేశారు. రట్గర్స్ పేరు మన పిల్లల చదువుల పుణ్యమా అని తెలుగిళ్లలో చాలామందికి తెలుసు. ఉద్యోగరీత్యా నేనూ కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉన్నాను. డెలావేర్ నది మీద వంతెన దాటితే ఫిలడెల్ఫియా. అక్కడ కాలేజీలో సినిమా కోర్సు తీసుకున్న మా అమ్మాయి చెప్పగా నేను డున్యే సినిమాలు చూశాను. తెలిసిన వీధులు తెర మీద కనబడటం మొదట్లో నాకున్న ఆకర్షణ. తరువాత ఆ వీధులను మరచిపోయి సినిమా చూశాను.

ఆమె తొలి వీడియో 'జనీన్' 1990లో వచ్చింది. పది నిమిషాలే. కథ బడిదే. ఒక నల్లజాతి పిల్లకు హైస్కూల్లో ఉన్నకుటుంబపు తెల్ల అమ్మాయితో స్నేహం కుదిరి, చెడుతుంది. డున్యే కెమెరా ముందు కూర్చుని, పక్కింటివాళ్లతో చెప్పినట్టు ఆ స్నేహం సంగతి మనకు చెబుతారు. సెట్టింగులు లేవు, సంగీతపు హోరు లేదు. డబ్బూ, రంగూ, మనసులోని ప్రేమా మూడూ ఒక బడి స్నేహంలో ఎలా చిక్కుపడతాయో ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. బెంచీ పంచుకున్న స్నేహితురాలి ఇంటికి వెళ్లి, ఆ ఇల్లు చూసి తన ఇల్లు గుర్తొచ్చి ముడుచుకుపోయిన అనుభవం మనలో ఎంతమందికి లేదు!

1991లో 'షీ డోంట్ ఫేడ్', 1993లో 'ది పాట్‌లక్ అండ్ ది ప్యాషన్', 1994లో 'గ్రీటింగ్స్ ఫ్రమ్ ఆఫ్రికా' వచ్చాయి. అన్నీ చిన్న చిత్రాలే. అన్నిటా ఆవిడ ఉంటారు. ప్రేమ కోసం తాపత్రయపడి భంగపడే అమ్మాయి పాత్ర ఆవిడది. నటులు మధ్యలో పాత్ర వదిలేసి, ఈ సీను గురించి తాము ఏమనుకుంటున్నారో కెమెరాతో చెబుతారు. మన హరిదాసుగారు కథ మంచి పట్టులో ఉండగా ఆపి, ముందు వరసలో కూర్చున్నవారిని పలకరించి, ఓ పిట్టకథతో నవ్వించి, మళ్లీ కథలోకి వెళ్లిపోయినట్టుగా ఉంటుంది. నిజమూ కల్పనా కలిసిన ఈ పద్ధతికి ఆవిడ 'డున్యేమెంటరీ' అని తన ఇంటిపేరుతోనే ఒక పేరు పెట్టుకున్నారు.

అప్పటి కాలం గురించి ఒక మాట. వీడియో కెమెరాలు చవకై, స్టూడియో గడప తొక్కకుండానే సినిమా తీయవచ్చన్న ధైర్యం వచ్చిన రోజులవి. ఎయిడ్స్‌తో వేలమంది స్వలింగ ప్రేమికులు చనిపోతుంటే ప్రభుత్వం పట్టించుకోలేదన్న కోపం మరోవైపు. ఆ రెండూ కలిసి పుట్టిన సినిమాలకు 1992లో బి. రూబీ రిచ్ అనే విమర్శకురాలు 'న్యూ క్వీర్ సినిమా' అని పేరు పెట్టారు. టాడ్ హేన్స్, గస్ వాన్ శాంట్, బ్రిటన్‌లో డెరెక్ జార్మన్ ఆ వరసలో చెప్పుకునే పేర్లు. జాబితా చూస్తే ఎక్కువమంది తెల్లవారు, మగవారు. పక్కకు నెట్టబడినవాళ్ల ఉద్యమంలో కూడా మరీ పక్కకు నెట్టబడినవాళ్లు ఉంటారు. డున్యే అక్కడి నుంచి వచ్చారు.

ఆయా పాత్ర, పుచ్చకాయ పేరు

1930లలో, 40లలో హాలీవుడ్‌లో నల్లజాతి నటీమణులకు దొరికిన పాత్ర దాదాపు ఒకటే. తలకు గుడ్డ చుట్టుకుని, తెల్లవారి పిల్లలను పెంచే ఆయా. హ్యాటీ మెక్‌డానియెల్ 'గాన్ విత్ ది విండ్'లో అలాంటి పాత్రే వేసి, 1940లో ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి విందులో కూడా తోటి నటీనటుల బల్ల దగ్గర కాక, విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె పేరైనా మిగిలింది. ఎంతోమందికి తెర మీద పేరు కూడా పడలేదు.

డున్యే సినిమా చరిత్ర చదువుకుంటూ, తనలాంటి ఒక నల్లజాతి స్త్రీ, స్త్రీని ప్రేమించిన స్త్రీ, ఆ పాత సినిమాల్లో ఎక్కడైనా ఉందా అని వెతికారు. ఫొటోల కోసం ఆర్కైవ్‌లు తిరిగారు. తనకు కావలసిన మనిషి దొరకలేదు. ఆ దొరకకపోవడమే ఆమె తొలి పూర్తి నిడివి చిత్రానికి కథ అయింది. పేరు 'ది వాటర్‌మెలన్ వుమన్'. 1996లో వచ్చింది.

పుచ్చకాయ మనకు ఎండాకాలం బండి మీది పండు. అమెరికాలో దానికి వేరే చరిత్ర ఉంది. 1865లో బానిసత్వం రద్దయ్యాక, స్వేచ్ఛ పొందిన నల్లజాతి రైతులు పుచ్చకాయలు పండించి, అమ్ముకుని బతికారు. అది గిట్టనివాళ్లు ఆ పండునే వెక్కిరింతగా మార్చారు. పుచ్చకాయ కొరుకుతున్న నల్లమనిషి బొమ్మలు పోస్టుకార్డుల మీదా, ప్రకటనల్లోనూ దశాబ్దాలపాటు అచ్చయ్యాయి. 1970లో మెల్విన్ వాన్ పీబుల్స్ 'వాటర్‌మెలన్ మ్యాన్' తీస్తే, డున్యే ఆ పేరును కాస్త తిప్పి తన సినిమాకు పెట్టుకున్నారు.

ఇక్కడి నుంచి, తీసినావిడను డున్యే అనీ, సినిమాలోని పాత్రను షెరిల్ అనీ పిలుస్తాను. రెంటికీ మనిషి ఒకరే అయినా రెండూ ఒకటి కాదు.

షెరిల్ ఫిలడెల్ఫియాలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టులో పనిచేస్తుంటుంది. మన ఊళ్లలోనూ ఒకప్పుడు సందుకొకటి ఉండేవి కదా, అలాంటి కొట్టు. స్నేహితురాలు టమారాతో కలిసి పెళ్లి వీడియోలు కూడా తీస్తుంది. ఒకనాడు ఒక పాత సినిమాలో ఆయా పాత్ర వేసిన అందమైన నల్లజాతి నటిని చూస్తుంది. టైటిల్స్‌లో ఆమె అసలు పేరు లేదు. 'పుచ్చకాయ స్త్రీ' అని మాత్రమే ఉంది. ఎవరీమె? ఈమె కథనే డాక్యుమెంటరీగా తీస్తానని షెరిల్ బయలుదేరుతుంది.

వెతుకులాటలో నవ్వు

ఈ కథను కన్నీళ్లు పెట్టించేలా తీయవచ్చు. డున్యే నవ్విస్తూ తీశారు. ఆవిడ నటన చప్పుడు లేనిది. ముఖం మామూలుగానే ఉంటుంది, మాట నెమ్మదిగా వస్తుంది, కళ్లలో మాత్రం ఓ కొంటెతనం. కెమెరా ముందు కూర్చుని, తాను సినిమా తీస్తానో లేదో తనకే నమ్మకం లేనట్టు తడబడుతూ చెబుతుంది షెరిల్. ఒక సీనులో తలకు గుడ్డ కట్టుకుని, టీవీలో నడుస్తున్న పాత సినిమాను చూస్తూ ఆ ఆయా డైలాగుకు పెదవులు కదుపుతుంది. చూస్తే నవ్వొస్తుంది. నవ్వాక, ఒకప్పుడు ఒక నటికి ఆ గుడ్డ కట్టుకోవడం తప్ప వేరే దారి లేదని గుర్తొస్తుంది.

వీధిలో కనబడినవారినల్లా పుచ్చకాయ స్త్రీ తెలుసా అని అడుగుతుంది. ఎవరికీ తెలియదు. లైబ్రరీకి వెళితే గుమాస్తా తల ఎత్తకుండానే నల్లజాతి విభాగంలో చూసుకోమంటాడు. స్త్రీల చరిత్ర కోసమే పెట్టిన ఒక స్వచ్ఛంద సంస్థకు వెళితే అక్కడ అట్టపెట్టెల్లో అంతా కుప్పగా పోసి ఉంటుంది. సర్దే మనిషి లేరు కానీ, ఫొటో తీయకూడదన్న నియమం మాత్రం గట్టిగా ఉంది. ప్రభుత్వ ఆఫీసుల్లో పాత ఫైళ్ల కోసం తిరిగినవారెవరైనా ఆ సీనులో తమను తాము చూసుకుంటారు.

కమీల్ పాగ్లియా అనే పేరుమోసిన విమర్శకురాలు సినిమాలో తన పాత్రను తానే పోషించారు. నల్లజాతి ఆయా పాత్రలు చూస్తే తనకు తమ ఇటాలియన్ ఇళ్లలోని అమ్మమ్మలు గుర్తొస్తారనీ, పుచ్చకాయలోని ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు ఇటలీ జెండా రంగులనీ గడగడా చెప్పుకుపోతారు. పక్కవాడి గాయం గురించి అడిగితే తన ఇంటి గొప్ప చెప్పుకునే పండితులను అంతకంటే బాగా ఎవరు చూపించగలరు? డున్యే సొంత తల్లి కూడా తల్లిగానే కనిపిస్తారు.

అన్నీ నవ్వులే కావు. కెమెరా పట్టుకుని నడుస్తున్న షెరిల్‌ను పోలీసులు ఆపుతారు. ఈ కెమెరా నీదేనా, ఎక్కడ కొట్టేశావు అన్నట్టు నిలదీస్తారు. ఆ సీనుకు వ్యాఖ్యానం లేదు. ఎవరి చేతిలో కెమెరా ఉండవచ్చో, ఎవరి చేతిలో ఉంటే దొంగసొత్తుగా కనిపిస్తుందో చెప్పి, కథ ముందుకు సాగిపోతుంది.

చివరికి ఆచూకీ దొరుకుతుంది. ఆ నటి పేరు ఫే రిచర్డ్స్. ఫిలడెల్ఫియా ఆడబిడ్డే. క్లబ్బుల్లో పాటలు పాడింది. మార్తా పేజ్ అనే తెల్లజాతి దర్శకురాలితో ప్రేమ నడిచింది. తరువాత చాలా ఏళ్లు జూన్ వాకర్ అనే నల్లజాతి స్త్రీతో జీవితం గడిపింది. ఆ జూన్ ఇంకా బతికే ఉంది. కలుసుకునే ముందే ఆమె జబ్బు చేసి ఆసుపత్రిలో చేరుతుంది. షెరిల్‌కు ఒక ఉత్తరం, కొన్ని ఫొటోలు అందుతాయి. ఆ తెల్ల దర్శకురాలి కథ కాదు, మా ఫే కథ చెప్పు అన్నది ఉత్తరం సారాంశం. ఆ తెల్ల దర్శకురాలితో ప్రేమ కూడా ఫే కథలో భాగమే అన్నది షెరిల్ వాదన. చనిపోయిన మనిషిని ఎలా గుర్తుంచుకోవాలో చెప్పే హక్కు ఎవరిది? ఆమెతో కాపురం చేసినావిడదా, ఆమె కోసం వెతికినావిడదా? సినిమా తీర్పు ఇవ్వదు. ఉత్తరం కూడా చూపిస్తుంది, తన కథా చెబుతుంది.

చుక్కల గీత

ఆఖరున ఫే రిచర్డ్స్ జీవితం ఫొటోల వరసగా వస్తుంది. చిన్నపిల్ల, యువతి, నటి, గాయని, ముసలావిడ. చూస్తుంటే మన అమ్మమ్మల ఆల్బమ్ తిరగేసినట్టే ఉంటుంది. టైటిల్స్ మధ్యలో ఒక వాక్యం కనిపిస్తుంది. ఫే రిచర్డ్స్ అనే మనిషి లేదు. ఇదంతా కల్పన. కొన్నిసార్లు మన చరిత్రను మనమే సృష్టించుకోవలసి వస్తుందని దాని భావం.

టైటిల్స్ పడగానే లేచి వెళ్లేవారు ఆ మాట చూడకుండానే, ఒక నిజమైన నటి కథ చూశామనుకుని ఇంటికి వెళ్లగలరు. అంత నమ్మకంగా ఉంటాయి ఫొటోలు. వాటిని జోయీ లియోనార్డ్ అనే ఫొటో కళాకారిణి నటులతో తీశారు. కొత్త ఫొటోలను పాతవాటిలా మసకబార్చి, అంచులు అరగదీసి తయారుచేశారు. మొత్తం 82 ఫొటోలు. 1997లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం ద్వైవార్షిక ప్రదర్శనలో వాటిని విడిగా పెట్టారు. లేని మనిషి ఆల్బమ్ మ్యూజియానికి ఎక్కింది. ఉన్న మనుషులవి ఎన్నో చెత్తలోకి పోయాయి.

ఇది మోసం కాదా అని మొదటిసారి చూసినప్పుడు నాకూ అనిపించింది. దీనికి నా వృత్తిలోనే జవాబు దొరికింది. పాత పట్టణాల్లో కొత్త పైపులైను వేయాలంటే, ముందు పాత లైను ఎక్కడుందో తెలియాలి. కొలిచి, తవ్వి చూసినదాన్ని డ్రాయింగులో గట్టి గీతగా గీస్తాం. తవ్వలేని చోట, ఇటునుంచి వెళ్లి అటు తేలింది కాబట్టి మధ్యలో ఇలాగే వెళ్లి ఉండాలని లెక్కవేసి చుక్కల గీత గీస్తాం. పక్కన 'ఉజ్జాయింపు' అని రాస్తాం. ఆ చుక్కల గీత అబద్ధం కాదు. ఊహను ఊహ అని ఒప్పుకున్న గీత అది. అది లేకపోతే డ్రాయింగులో ఖాళీ ఉంటుంది. ఖాళీ చూసినవాడు అక్కడ ఏమీ లేదనుకుని గునపం దింపుతాడు. దాన్ని గట్టి గీతగా గీస్తే ఇంకో ప్రమాదం. లేనిచోట ఉందనుకుంటాడు.

డున్యే గీసింది చుక్కల గీత. ముందు వెతికారు. వెతికిన దారినీ, మూసుకున్న తలుపులనూ చూపించారు. ఏమీ దొరకని చోట ఒక మనిషిని ఊహించారు. ఊహించానని సంతకం పెట్టారు. ఫే రిచర్డ్స్ లేదు. కానీ ఆమెలాంటి ఆడవాళ్లు లేరని మాత్రం ఆ సినిమా చూసినవారెవరూ ఇక అనలేరు.

31,500 డాలర్ల గొడవ

సినిమా ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది టిఫిన్ ఖర్చు. అందులో 31,500 డాలర్లు అమెరికా ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ నుంచి వచ్చాయి. 1996 ఫిబ్రవరిలో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ క్వీర్ కథాచిత్రానికి ఇచ్చే టెడ్డీ బహుమతి దక్కింది. అదే ఏడాది వాషింగ్టన్‌లో గొడవ మొదలైంది. ఇద్దరు స్త్రీల మధ్య శృంగార దృశ్యం ఉన్న సినిమాకు ప్రజల సొమ్ము ఎలా ఇస్తారని ఒక పత్రిక రాసింది. మిషిగన్‌కు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు పీటర్ హోక్‌స్ట్రా దాన్ని అందుకుని, ఆ సంస్థ నిధుల నుంచి సరిగ్గా 31,500 డాలర్లు కోసేయాలని ప్రతిపాదించారు.

ఆ సంస్థకు అప్పట్లో ఏడాదికి దాదాపు 10 కోట్ల డాలర్లు వచ్చేవి. లెక్క వేస్తే వెయ్యి రూపాయల్లో ముప్పై రెండు పైసలు. ఆదా కోసం ఎవరూ ముప్పై రెండు పైసల మీద చర్చ పెట్టరు. ఎవరి కథకు ప్రజల సొమ్ము చెందుతుంది, ఎవరు ప్రజలు అన్నదే అసలు చర్చ. నల్లజాతి స్త్రీలు, స్త్రీని ప్రేమించే స్త్రీలు కూడా పన్ను కడతారు. ఆ మాట చెప్పవలసి రావడమే ఆ రోజుల స్థితి.

కాలం తిరిగింది. 2021లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జాతి భద్రపరచుకోవలసిన సినిమాల జాబితాలో 'ది వాటర్‌మెలన్ వుమన్'ను చేర్చింది. నల్లజాతి లెస్బియన్ దర్శకురాలు తీసిన తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా దాన్ని చెబుతారు. ఏ ఆర్కైవ్‌లలో వెతికితే తనలాంటివారు దొరకలేదో, అలాంటి ఆర్కైవ్‌లోనే ఇప్పుడు ఆవిడ సినిమా ఉంది.

తరువాతి ఏళ్లు

ఒక్క సినిమాతో పేరొచ్చినవారిని తరువాత ఏం చేశారని అడగడం లోకం తీరు. డున్యే 2001లో హెచ్‌బీఓ కోసం 'స్ట్రేంజర్ ఇన్‌సైడ్' తీశారు. పుట్టినప్పుడే దూరమైన తల్లిని వెతుక్కుంటూ అదే జైలుకు చేరే కూతురి కథ. రాసే ముందు మిన్నెసోటాలోని మహిళా జైలులో ఖైదీలతో కూర్చుని పనిచేశారు. ఇక్కడా వెతుకులాటే, ఇక్కడా ముందు వెళ్లి అడగడమే.

2004లో మిరమాక్స్ సంస్థకు 'మై బేబీస్ డాడీ' అనే వినోద చిత్రం చేశారు. తండ్రులైన ముగ్గురు కుర్రాళ్ల కథ. విమర్శకులు మెచ్చలేదు. పెద్ద సంస్థ డబ్బుతో వచ్చిన ఆ సినిమాలో డున్యే గొంతు వెతికినా వినబడదు. 2010లో మళ్లీ స్నేహితులను పోగుచేసి, అతి తక్కువ ఖర్చుతో 'ది అవుల్స్' తీసి తానూ నటించారు. వయసు మళ్లుతున్న లెస్బియన్ల కథ అది. 2014లో 'బ్లాక్ ఈజ్ బ్లూ' అనే చిన్న చిత్రంలో, కాలిఫోర్నియా ఓక్‌లండ్‌లో కాపలా ఉద్యోగం చేసే ఒక ట్రాన్స్ పురుషుని కథ చెప్పారు. కాలేజీలో పాఠాలు చెప్పారు. 2016లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది.

ఆ తరువాత టెలివిజన్ పిలిచింది. 'క్వీన్ షుగర్', 'లవ్‌క్రాఫ్ట్ కంట్రీ' వంటి ధారావాహికల్లో భాగాలకు దర్శకత్వం వహించారు. మన పిల్లలు రాత్రంతా మేలుకుని చూసిన 'బ్రిడ్జర్టన్' రెండో సీజన్, భారతీయ మూలాలున్న శర్మ అక్కచెల్లెళ్ల కథ, గుర్తుందా? అందులోని భాగాలకు దర్శకత్వం వహించినవారిలో డున్యే ఒకరు. క్యాసెట్ల కొట్టు అమ్మాయిగా నటించిన మనిషి అక్కడి దాకా వచ్చారు.

మన దగ్గర

మన సినిమా చరిత్రలోనూ ఖాళీలున్నాయి. 1921 నాటి తొలి తెలుగువారి మూకీ చిత్రం 'భీష్మప్రతిజ్ఞ' ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. రఘుపతి వెంకయ్యగారు, ఆయన కుమారుడు ప్రకాష్‌గారు ఏం తీశారో మనం చదువుకోవడమే తప్ప చూడలేం. మలయాళంలో తొలి చిత్రం 'విగతకుమారన్' నాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. తెర మీద నాయర్ స్త్రీ పాత్ర వేసినందుకు ఆమె మీద దాడులు జరిగి, ఊరు విడిచి పోవలసి వచ్చింది. సినిమా కూడా మిగల్లేదు. ఫే రిచర్డ్స్ కల్పన. రోజీ నిజం. ఎనభై ఏళ్ల తరువాత ఆ కథ మీద 2013లో 'సెల్యులాయిడ్' అనే మలయాళ సినిమా వచ్చేదాకా కేరళ బయట ఆమె పేరు విన్నవారు తక్కువ.

ఇంకో సంగతి. సత్యభామగా జడ విసిరిన స్థానం నరసింహారావుగారిని ఆంధ్రదేశం నెత్తిన పెట్టుకుంది. 1956లో పద్మశ్రీ ఇచ్చి దేశం గౌరవించింది. రంగస్థలం మీద మగవాడు ఆడదానిలా నడిస్తే మనం చప్పట్లు కొడతాం. వీధిలో ఒక పిల్లవాడు అలా నడిస్తే మాత్రం ఈలలు వేస్తారు. స్వలింగ ప్రేమ నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని మాట అప్పటికి పోయింది. మన బ్యాచ్ బడి విడిచి అప్పటికి ముప్పై మూడేళ్లు.

మా బ్యాచ్‌లో ఒక కుర్రవాడు ఉండేవాడు. వార్షికోత్సవ నాటకాల్లో ఆడవేషం ఎప్పుడూ అతనిదే. ఏ మాస్టారినైనా నిమిషంలో అనుకరించి చూపేవాడు. ఆ మాస్టార్లే నవ్వేవారు. నాటకం లేని రోజుల్లో మాత్రం అతని నడకకూ మాటకూ వేరే పేర్లు పెట్టి పిలిచేవారు. తొమ్మిదో తరగతి మధ్యలో రావడం మానేశాడు. పదో తరగతి గ్రూపు ఫొటోలో అతను లేడు. అడ్మిషన్ రిజిస్టరులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ ఉంటాయి. మధ్యలో ఏం జరిగిందో రాయడానికి అందులో గడి లేదు. అతను ఎవరిని ప్రేమించేవాడో నాకు తెలియదు. ఊహించి రాయడం నా పని కాదు. గట్టి గీతతో గీయగలిగింది ఇంతే: ఉన్నాడు, నవ్వించాడు, వెళ్లిపోయాడు.

ఒక విన్నపం

సంఘం ఆఫీసులో ఇన్నేళ్ల గ్రూపు ఫొటోలు గోడ మీద ఉన్నాయి. కుర్చీల్లో కూర్చున్నవారి పేర్లు కింద అచ్చయి ఉన్నాయి. వెనక వరస చివర నిలబడిన అటెండరు పేరు, మంచినీళ్ల కుండలు నింపిన అమ్మ పేరు చాలా ఫొటోల్లో లేవు. మధ్యలో మానేసిన పిల్లలు అసలు ఫొటోలోనే లేరు. ఉత్సవానికి వచ్చినప్పుడు ప్రతి బ్యాచ్‌వారూ ఒక అరగంట ఆ గోడ దగ్గర గడపాలని నా మనవి. ఖాయంగా తెలిసిన పేరును ఫొటో వెనక పెన్నుతో రాద్దాం. విన్నదాన్ని, సగం గుర్తున్నదాన్ని పెన్సిలుతో రాసి, ఎవరు చెప్పారో పక్కన రాద్దాం. తెలిసినవారు వచ్చి దిద్దుతారు. రిటైరైన మాస్టార్లు, టీచరమ్మలు మనతో ఉండగానే ఈ పని జరగాలి. వారికి గుర్తున్నంత ఏ రిజిస్టరుకూ గుర్తు లేదు.

ఆ కుర్రవాడి పేరు నేను ఇక్కడ అచ్చు వేయలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో, తన పేరు ఈ సంచికలో ఉండటం అతనికి ఇష్టమో కాదో ముందు అతన్ని అడగాలి. ఉత్తరం రాసిన జూన్ వాకర్ మాట ఇక్కడ నాకు సరైనదనిపిస్తుంది. ఎవరి కథ గురించైనా ముందు వాళ్లను అడగాలి. మీలో ఎవరికైనా అతని చిరునామా తెలిస్తే కార్యదర్శిగారి దగ్గర నాకోసం ఒక చీటీ వదలండి. ఉత్సవానికి రమ్మని నేను స్వయంగా వెళ్లి పిలుస్తాను.